తార్నాకా, తిరుచ్చా? సొంత రాష్ట్రం సీటు, పరాయి రాష్ట్రం సీటు పక్కపక్కన పెట్టి చూస్తే

జులై సగానికి వచ్చేసరికి హైదరాబాద్‌లో ఇంటర్ ఎంపీసీ పూర్తయిన చాలా ఇళ్ళలో టీపాయ్ మీద రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి జోసా (జేఈఈ ర్యాంకులతో ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు పంచే కేంద్ర కౌన్సెలింగ్) అలాట్‌మెంట్: ఏ నాగపూర్‌లోనో సూరత్కల్‌లోనో ఎన్‌ఐటీ సీటు. రెండోది టీజీ ఈఏపీసెట్ (మన రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) అలాట్‌మెంట్: ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీయో, కూకట్‌పల్లి జేఎన్‌టీయూయో. రెండూ ప్రభుత్వానివే, రెండింటికీ పేరుంది. చేతిలో ఉండేది నాలుగైదు రోజుల గడువు. ఏది తీసుకోవాలో తేల్చడానికి ఏమేం చూడాలో, పిల్లలూ పెద్దలూ ఎక్కడ పొరబడతారో ఈ సమీక్షలో వివరంగా రాస్తున్నాం.

ముందు ఒక అపోహ. డల్లాస్‌లో ఉన్న మేనమామ ఫోన్ చేసి "సొంత రాష్ట్రంలో అయితే ఫీజు సగమే కదరా" అంటాడు. అమెరికాలో అది నిజమే, అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు సొంత రాష్ట్రం వాళ్ళకు ఒక ఫీజు, బయటివాళ్ళకు ఇంకో ఫీజు పెడతాయి. మన ఎన్‌ఐటీల్లో ఆ తేడా లేదు. వరంగల్ ఎన్‌ఐటీలో చదివే హన్మకొండ అబ్బాయికీ, పాట్నా నుంచి వచ్చిన అబ్బాయికీ బీటెక్ ట్యూషన్ ఒకటే, ఏడాదికి 1,25,000 రూపాయలు. ఇక్కడ రాష్ట్రం అడ్డొచ్చేది మొదట సీటు దగ్గర, ఆ తర్వాత రీయింబర్స్‌మెంట్ దగ్గర. ఈ రెండూ అర్థమైతే మిగతా లెక్క తేలిక.

సీటు సంగతి. దేశంలో ఎన్‌ఐటీలు 31. ప్రతి ఎన్‌ఐటీలో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకు, సగం బయటి రాష్ట్రాల పిల్లలకు. జోసా పట్టికల్లో వీటిని హెచ్ఎస్ (హోమ్ స్టేట్), ఓఎస్ (అదర్ స్టేట్) అని రాస్తారు. మనకు హోమ్ స్టేట్ ఎన్‌ఐటీ వరంగల్ ఒక్కటే, తాడేపల్లిగూడెం ఆంధ్రప్రదేశ్ వాళ్ళది. ఐఐటీల్లో, ట్రిపుల్ ఐటీల్లో ఈ హోమ్ స్టేట్ కోటా లేదు. వరంగల్‌లో సగం సీట్లు మనవే కాబట్టి సులువుగా వస్తుందనుకోవద్దు. తెలంగాణలో జేఈఈ రాసి మంచి ర్యాంకులు తెచ్చుకునే పిల్లలు చాలామంది. అందుకే చిన్న రాష్ట్రాల్లో హోమ్ స్టేట్ కటాఫ్ కిందికి జారినట్టు వరంగల్‌లో జారదు. కంప్యూటర్ సైన్స్‌కైతే హెచ్ఎస్, ఓఎస్ వరుసలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాల్సిందే.

ఇక్కడే చాలా కుటుంబాలు ఆలస్యంగా తెలుసుకునే విషయం ఒకటుంది. జోసాకు హోమ్ స్టేట్ అంటే ఆధార్‌లో ఉన్న అడ్రసు కాదు, పుట్టిన ఊరు కాదు, నాన్న ఉద్యోగం చేసే చోటు కాదు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో అదే. దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టి పెరిగిన పిల్లవాడు కోచింగ్ కోసం రాజస్థాన్‌లోని కోటా నగరానికి వెళ్ళి అక్కడి స్కూల్లోనే పన్నెండు రాస్తే అతని హోమ్ స్టేట్ రాజస్థాన్. అతనికి జైపూర్ ఎన్‌ఐటీ సొంతమవుతుంది, వరంగల్ పరాయిదవుతుంది. ఇంటర్ విజయవాడ హాస్టల్లో చదివితే హోమ్ స్టేట్ ఆంధ్రప్రదేశ్. ఇది ఇంటర్‌లో చేర్చేముందే ఆలోచించాల్సింది. జోసా రిజిస్ట్రేషన్ పేజీ తెరిచాక చేసేదేమీ ఉండదు.

టీజీ ఈఏపీసెట్‌లో స్థానికత లెక్క వేరు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ళు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, తెలంగాణలో చదివితే స్థానికులు. కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మధ్యలో స్కూలు మారినవాళ్ళు, మూతపడిన స్కూల్లో చదివినవాళ్ళు జూన్ దాకా ఆగకుండా ముందే తెచ్చిపెట్టుకోవాలి. వరుస నాలుగేళ్ళు తెగితే మిగిలేది 15 శాతం అన్‌రిజర్వుడు వాటా. ఉమ్మడి ప్రవేశాల పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో తీరాక, ఆ వాటాను కూడా 2025 నుంచి తెలంగాణతో సంబంధం ఉన్నవాళ్ళకే పరిమితం చేశారు. స్థానికులు కాక, మొత్తం పదేళ్ళు రాష్ట్రంలో నివాసమున్నవాళ్ళు, అలా నివాసమున్న తల్లిదండ్రుల పిల్లలు, ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు అందులోకి వస్తారు. అంటే ఇంటర్ కోసం కోటాకో విజయవాడకో పంపినవాళ్ళు ఒకేసారి రెండు పోగొట్టుకుంటారు: వరంగల్‌లో హోమ్ స్టేట్ వాటా, ఉస్మానియాలో 85 శాతం వాటా. అక్కడి కోచింగ్ అంత విలువ చేస్తుందా అన్నది ఎవరి ఇంటి లెక్క వాళ్ళది. కానీ ఈ ఖర్చును ఏ కాలేజీ బ్రోచర్లోనూ రాయరు.

ఇక డబ్బు. ఎన్‌ఐటీలో నాలుగేళ్ళ ట్యూషన్ 5 లక్షలు. హాస్టల్, మెస్ కలిపి ఏడాదికి 80 వేల నుంచి లక్ష అని వేసుకోండి. రాకపోకలు, బట్టలు, చిల్లర ఖర్చులు కలిపితే మొత్తం తొమ్మిది, పది లక్షల దగ్గర ఆగుతుంది. చాలామంది ఈ అంకె చూసే వెనక్కి తగ్గుతారు, కానీ అందరూ ఇంత కట్టాల్సిన పని లేదు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ వికలాంగులకూ ఎన్‌ఐటీల్లో ట్యూషన్ పూర్తిగా మాఫీ. మిగతావాళ్ళలో ఏ కులమైనా సరే, కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. రెండో రకం వాళ్ళు కట్టేది ఏడాదికి సుమారు 41,667, నాలుగేళ్ళకు 1,66,668. ఐదు లక్షలు అనుకున్నది లక్షా అరవై ఆరు వేలకు దిగింది చూడండి. అప్పుడు బయటి రాష్ట్రం సీటుకూ ఇంటి దగ్గర సీటుకూ మధ్య తేడా హాస్టల్ ఖర్చే.

ఉస్మానియా, జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీల్లో రెగ్యులర్ కోర్సుల ట్యూషన్ ఎన్‌ఐటీ కంటే బాగా తక్కువ. కానీ అదే క్యాంపస్‌లో సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులుంటాయి, వాటి ఫీజు వేరు. వెబ్ ఆప్షన్లలో బ్రాంచి పేరు ఒకేలా కనబడుతుంది. ఫీజు గడి చూడకుండా ఆప్షన్ పెట్టి, అలాట్‌మెంట్ వచ్చాక కంగుతినే ఇళ్ళు ఏటా ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ లెక్క ఇలా ఉంటుంది. బీసీ, ఈబీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. బీసీలకు ఈఏపీసెట్ ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ఫీజు, దాటితే 35,000 వరకే ఇస్తారు, మిగతాది చేతినుంచి. ఎస్సీ, ఎస్టీలకు ర్యాంకుతో పనిలేదు. అయితే రీయింబర్స్‌మెంట్ డబ్బు సమయానికి రాదు. బకాయిలు ఏళ్ళు గడుస్తాయి, చివరికి సర్టిఫికెట్లు తీసుకునేటప్పుడు ముందు మీరు కట్టండి అనే మాట వినాల్సి వస్తుంది. నాలుగో ఏడాది చివర్లో ఒక ఏడాది ఫీజంత డబ్బు పక్కన ఉంచుకోవడం మంచిది.

అప్పు తీసుకునేవాళ్ళకు ఒక మాట. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే పూచీకత్తు, హామీదారు లేకుండా బ్యాంకు రుణం ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణం మీద, మారటోరియం కాలానికి (అంటే వాయిదాలు మొదలయ్యేదాకా), 3 శాతం వడ్డీ రాయితీ. కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ ఆ జాబితాలో ఉన్నాయి కాబట్టి ఏ ఎన్‌ఐటీ అయినా సరిపోతుంది. బ్యాంకుకు వెళ్ళేటప్పుడు జోసా అలాట్‌మెంట్ ఒక్కటే చాలదు, ఆ సంస్థ వెబ్‌సైట్లో ఉన్న నాలుగేళ్ళ ఫీజు వివరాల కాగితం ప్రింటు తీసుకెళ్ళాలి. హాస్టల్, మెస్ ఖర్చు అందులో ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు ర్యాంకులు చదివే పద్ధతి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఈఏపీసెట్ లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఓసీ బాయ్స్, బీసీ-బీ గర్ల్స్ అంటూ గడులు ఎన్ని ఉన్నా, లోపల ఉండే అంకెలన్నీ మామూలు ఈఏపీసెట్ ర్యాంకులే. మీ ర్యాంకు కార్డులో ఉన్న అంకెతో నేరుగా పోల్చుకోవచ్చు. జోసాలో అలా కాదు. ఓబీసీ వరుసలో ఉన్న క్లోజింగ్ ర్యాంకు (చివరి సీటు వచ్చిన ర్యాంకు) ఓబీసీ కేటగిరీ ర్యాంకు, ఎస్సీ వరుసలో ఉన్నది ఎస్సీ ర్యాంకు. ఓబీసీ వరుసలో 3,000 కనబడితే దాన్ని కామన్ ర్యాంకుతో పోల్చి "మనకు రాదులే" అని ఆ ఆప్షనే పెట్టనివాళ్ళున్నారు. జేఈఈ స్కోర్ కార్డులో రెండు ర్యాంకులూ ఉంటాయి. కామన్ ర్యాంకును ఓపెన్ వరుసతో, కేటగిరీ ర్యాంకును కేటగిరీ వరుసతో చూడాలి. అమ్మాయిలైతే ఫిమేల్ ఓన్లీ వరుస తప్పకుండా చూడాలి, ఎన్‌ఐటీల్లో అమ్మాయిల సీట్లు 20 శాతానికి తగ్గకుండా ఉండేందుకు అదనపు సీట్లు పెట్టారు. మన రాష్ట్ర కౌన్సెలింగ్‌లోనూ అమ్మాయిలకు మూడో వంతు సీట్లున్నాయి.

కేటగిరీ మాటకొస్తే, రాష్ట్రం బీసీ వేరు, కేంద్రం ఓబీసీ వేరు. ఇక్కడ బీసీలకు 29 శాతం, అది ఏ కి 7, బీ కి 10, సీ కి 1, డీ కి 7, ఈ కి 4 గా విడిపోతుంది. అక్కడ ఓబీసీలందరికీ కలిపి 27. ఎస్టీలకు ఇక్కడ 10, అక్కడ ఏడున్నర. రాష్ట్రం బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్రం జాబితాలో లేవు. జాబితాలో లేకపోతే జోసాలో జనరల్‌గానే పోటీ పడాలి, కాబట్టి జేఈఈ దరఖాస్తు నింపేరోజే కేంద్ర జాబితా వెతికి చూడండి. జాబితాలో ఉన్నా, పదో తరగతిలో తీసుకున్న కుల ధ్రువీకరణ పత్రం జోసాకు పనికిరాదు. కేంద్రం నమూనాలో ఓబీసీ ఎన్‌సీఎల్ (క్రీమీలేయర్‌లోకి రారని చెప్పే) సర్టిఫికెట్, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినది కావాలి. ఈడబ్ల్యూఎస్‌కూ (వేరే రిజర్వేషన్ లేని పేద కుటుంబాల కోటా) అదే తేదీ నియమం. అందులో ఇంకో మెలిక ఉంది. కేంద్రం నియమాల ప్రకారం ఆదాయం 8 లక్షల లోపు ఉన్నా, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు ఉంటే అర్హత పోతుంది. మున్సిపల్ పరిధిలో వంద గజాల ఇంటి స్థలం ఉన్నా పోతుంది. మియాపూర్‌లోనో ఉప్పల్‌లోనో అప్పుచేసి డబుల్ బెడ్‌రూమ్ కొనుక్కున్న ఎన్నో కుటుంబాలు అక్కడే ఆగిపోతాయి. మీసేవలో దరఖాస్తు పెట్టాక తహసీల్దారు సంతకం వచ్చేదాకా రోజులు పడుతుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే పెట్టేయండి, జూన్‌లో అందరూ అదే కౌంటర్ దగ్గర ఉంటారు.

ఇంటర్ మార్కులూ మర్చిపోవద్దు. ఈఏపీసెట్‌కు ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో జనరల్ వాళ్ళకు 45 శాతం, రిజర్వుడు వాళ్ళకు 40 ఉంటే చాలు, తెలంగాణలో ర్యాంకుకు ఇంటర్ వెయిటేజీ కూడా తీసేశారు. ఎన్‌ఐటీకి మాత్రం ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్ ఉండాలి. మంచి జేఈఈ ర్యాంకు ఉండి, ఇంగ్లిష్, సంస్కృతం నిర్లక్ష్యం చేసి ఇక్కడ ఆగిపోయేవాళ్ళను చూస్తే బాధగా ఉంటుంది.

ఇక కాలేజీలు. ఉస్మానియా యూనివర్సిటీ 1918 నాటిది, ఇంజనీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. తార్నాక మెట్రో దిగితే క్యాంపస్ పక్కనే. బలం ఏమిటంటే పూర్వ విద్యార్థులు. ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో, హైటెక్ సిటీ కంపెనీల్లో ఎక్కడ చూసినా ఓయూ సీనియర్ ఒకరు దొరుకుతారు. సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ చదివి గేట్‌కో గ్రూప్స్‌కో వెళ్ళాలనుకునేవాళ్ళకు ఈ క్యాంపస్ వాతావరణం కలిసొస్తుంది, లైబ్రరీలో కూర్చుంటే పక్కవాళ్ళందరూ అదే చదువుతుంటారు. లోపం ఏమిటంటే అధ్యాపకుల ఖాళీలు. రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ళ తరబడి జరగక, చాలా సబ్జెక్టులు కాంట్రాక్టు అధ్యాపకుల మీదే నడుస్తున్నాయి. చేరేముందు డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్ అని ఉన్న పేర్లు ఎన్నో లెక్కపెట్టండి. లోకల్ పిల్లలకు హాస్టల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

జేఎన్‌టీయూ 1972లో చట్టంతో ఏర్పడి 2008లో విడిపోయింది. ఇక్కడ పేరుతోనే చిక్కు. జేఎన్‌టీయూ అంటే మూడు రకాలు: కూకట్‌పల్లి క్యాంపస్, అదే యూనివర్సిటీ నడిపే కొండగట్టు, మంథని, సుల్తాన్‌పూర్ లాంటి చోట్ల ఉన్న కాలేజీలు, ఆ తర్వాత అనుబంధంగా ఉన్న వందలాది ప్రైవేటు కాలేజీలు. వెబ్ ఆప్షన్లలో మొదటి రెండు రకాలు దాదాపు ఒకే పేరుతో వరుసగా కనబడతాయి. పేరు చూసి కాదు, కాలేజీ కోడ్, ఊరు చూసి నొక్కండి. కూకట్‌పల్లి క్యాంపస్‌కు ఉన్న పెద్ద లాభం చోటు. మెట్రో స్టేషన్ దగ్గరే, హైటెక్ సిటీ కొన్ని కిలోమీటర్లే. మూడో ఏడాది నుంచి ఇంట్లో ఉంటూనే కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ చేయొచ్చు. సూరత్కల్‌లో ఉన్న పిల్లవాడు వేసవి రెండు నెలల్లో చేసేదాన్ని ఇక్కడివాళ్ళు సెమిస్టర్ మధ్యలోనూ చేసుకోగలరు. కంప్యూటర్ సైన్స్‌కు ఇది చిన్న లాభం కాదు. హాజరు 75 శాతం నియమం మాత్రం గుర్తుంచుకోవాలి, ఇంటర్న్‌షిప్ పేరుతో క్లాసులు ఎగ్గొట్టి డిటెయిన్ అయితే ఏడాది పోతుంది.

బయటి రాష్ట్రాల్లో హైదరాబాద్ వాళ్ళకు నాగపూర్ వీఎన్‌ఐటీ మేం మొదట చూపించే చోటు. 1960 నాటి సంస్థ, ఊరి నడిబొడ్డున ఉంది. సికింద్రాబాద్ నుంచి 2024 సెప్టెంబరులో వందే భారత్ మొదలయ్యాక ప్రయాణం ఏడు గంటల పైచిలుకే, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎప్పటినుంచో ఉంది. పేరుకు పరాయి రాష్ట్రం, దూరం మాత్రం ఆదిలాబాద్ దాటి కొంచెం. శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం రాత్రికి తిరిగి చేరుకోవచ్చు.

తిరుచ్చి (1964), సూరత్కల్ (1960) రెండూ వరంగల్ స్థాయివే. వీటిలో ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ దాకా వస్తే హైదరాబాద్ వదిలి వెళ్ళడంలో సందేహం అక్కర్లేదని మా అభిప్రాయం. తిరుచ్చికి రాత్రి చార్మినార్ ఎక్కితే పొద్దున చెన్నై, అక్కణ్ణుంచి మరో ఐదు గంటల రైలు. సూరత్కల్, కాలికట్‌ల వైపు కాచిగూడ నుంచి నేరుగా వెళ్ళే రైలు వారానికి రెండు రోజులే, ప్రయాణం దాదాపు ఒక పగలూ రాత్రీ. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. సెలవుల పట్టిక రాగానే ఆ తేదీ నుంచి 60 రోజులు వెనక్కి లెక్కేసి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. బతుకమ్మ, దసరాలకు మనకున్నన్ని సెలవులు అక్కడ ఉండవు. కేరళలో ఓణానికి ఇస్తారు, తమిళనాడులో పొంగల్‌కు ఇస్తారు. మొదటి ఏడాది దసరాకు ఇంటికి రాలేని పిల్లలు కాస్త డీలా పడతారు, ఇది ముందే చెప్పి పంపడం నయం. మెస్ తిండి కూడా అంతే. కేరళలో లావు బియ్యం అన్నం, నాగపూర్‌లో రాత్రిపూట చపాతీ. ఆవకాయ జాడీ, కందిపొడి డబ్బా వెంట పంపించండి. మొదటి నెలలో వాటి విలువ తెలుస్తుంది.

2010లో మొదలైన ఎన్‌ఐటీల విషయంలో మాత్రం ఆచితూచి నడవాలి. సిక్కిం, అరుణాచల్, నాగాలాండ్, మేఘాలయ, మణిపూర్, మిజోరం ఇవన్నీ ఆ విడతలోవే. ఎన్‌ఐటీ అన్న మూడక్షరాలు చూసి, కూకట్‌పల్లి జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్ వదులుకుని అక్కడ ఇష్టంలేని బ్రాంచికి వెళ్ళడం మాకు సరైన పనిగా అనిపించదు. విమానం, ఆపై కొండదారిలో టాక్సీ, సగం రోజు అలా పోతుంది. కంపెనీలు అంత దూరం నేరుగా రావడం తక్కువ. బ్రాంచి మార్చుకోవచ్చులే అన్న ధీమాతో వెళ్ళేవాళ్ళు కూడా జాగ్రత్త. మొదటి ఏడాది మార్కుల మీద బ్రాంచి మార్పు ఇచ్చే చోట కూడా ఖాళీలు కొద్ది. అది అవకాశమే తప్ప హామీ కాదు. అదే కంప్యూటర్ సైన్స్ వస్తే, ఇక్కడ ప్రైవేటు కాలేజీ తప్ప గతి లేకపోతే, ఆ ఎన్‌ఐటీ లెక్క మారుతుంది.

ట్రిపుల్ ఐటీలు ఇంకో గందరగోళం. జోసాలో ఉన్న ట్రిపుల్ ఐటీల్లో చాలావరకు ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలోవి, ఫీజు ఎన్‌ఐటీల కంటే ఎక్కువ. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ (1998) జోసాలోనే ఉండదు, దానికి దరఖాస్తు వేరు. బాసర ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కులతో చేర్చుకునేది. మూడూ ఒకటనుకుని చివరి తేదీలు దాటబెట్టుకునేవాళ్ళు తక్కువేం కాదు. ఢిల్లీలో డీటీయూ (ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీ) చూసేవాళ్ళు ఒక్కటి గమనించండి, అక్కడ 85 శాతం సీట్లు ఢిల్లీ పిల్లలవే, మనకు మిగిలేది 15 శాతం, ఫీజు ఎన్‌ఐటీ కంటే ఎక్కువ.

ఉద్యోగాల లెక్క చూడటానికి కాలేజీ బ్రోచర్ వద్దు, ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు (కాలేజీలకు కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్) ఆ సంస్థ స్వయంగా సమర్పించిన పీడీఎఫ్ తెరవండి. ప్రతి సంస్థా తన వెబ్‌సైట్లో దాన్ని పెట్టాలి. అందులో నాలుగేళ్ళ యూజీ పట్టిక దగ్గరికి వెళ్తే గడులు ఇలా ఉంటాయి: మొదటి ఏడాది చేరినవాళ్ళు, లాటరల్ ఎంట్రీ వాళ్ళు (నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్ళు), సకాలంలో పట్టా పొందినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు, వాళ్ళ మధ్యస్థ జీతం, పై చదువులకు వెళ్ళినవాళ్ళు. ఉద్యోగం, పై చదువు రెండూ కలిపి, సకాలంలో పట్టా పొందినవాళ్ళ సంఖ్యతో భాగించండి. ఆ తర్వాత చేరినవాళ్ళలో ఎంతమంది సకాలంలో బయటపడ్డారో చూడండి, ఆ అంకె బాగా తక్కువుంటే బ్యాక్‌లాగులు ఎక్కువని అర్థం. మధ్యస్థ జీతం అంటే ఉద్యోగం వచ్చినవాళ్ళను వరుసగా నిలబెడితే మధ్యలో ఉన్నవాడి జీతం, కాబట్టి ఒక్కడికి వచ్చిన కోటి ప్యాకేజీ దాన్ని పైకి లాగదు. కానీ ఇది అన్ని బ్రాంచిలూ కలిపిన అంకె. మెటలర్జీలో చేరేవాడు కంప్యూటర్ సైన్స్ వాళ్ళ జీతం చూసి మురిసిపోకుండా, ఆ ఎన్‌ఐటీ ప్లేస్‌మెంట్ సెల్ ఇచ్చే బ్రాంచివారీ పట్టిక విడిగా అడగాలి. రాష్ట్ర యూనివర్సిటీల పీడీఎఫ్‌లో ఇంకో సంగతి చూడాలి. యూనివర్సిటీ పేరుతో ఇచ్చిన లెక్కలో ఏయే కాలేజీలు కలిశాయో తెలుసుకోకుండా ఒక్క క్యాంపస్‌కు అన్వయించుకోవద్దు.

రెండు కౌన్సెలింగ్‌లూ జులైలో ఒకదానిమీద ఒకటి పడతాయి, నియమాలేమో తలకిందులు. జోసాలో ఆప్షన్లు ఒక్కసారే. ఒకసారి లాక్ అయ్యాక అన్ని రౌండ్లకూ అదే జాబితా. సీటు వచ్చాక ఫ్రీజ్ అంటే ఇదే చాలు అని, ఫ్లోట్ అంటే పైన రాసుకున్నది ఏ కాలేజీలో వచ్చినా మారతానని, స్లైడ్ అంటే ఇదే కాలేజీలో పై బ్రాంచి వస్తే చాలని. వరంగల్ సివిల్ వచ్చినవాడికి తిరుచ్చి ఎలక్ట్రానిక్స్ జాబితాలో పైనుంటే ఫ్లోట్ పెట్టాలి. స్లైడ్ పెడితే వరంగల్‌లోనే తిరుగుతాడు. విత్‌డ్రా గడువు చివరి రౌండ్‌కు ముందే ముగుస్తుంది, ఆ తేదీ గోడ మీద రాసుకోండి.

ఈఏపీసెట్‌లో ప్రతి విడతకూ ఆప్షన్లు కొత్తగా పెట్టాలి, పాత జాబితా చెల్లదు. మొదటి విడతలో సీటు వస్తే ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, మరిచిపోతే సీటు పోతుంది. రెండో విడతలో ఊరికే చూద్దామని ఆప్షన్ పెడితే, అది గనక వస్తే మొదటి సీటు తనంతట తానే రద్దవుతుంది, వెనక్కి రాదు. అందుకే రెండో విడతలో ఉన్న సీటు కంటే కచ్చితంగా మెరుగనిపించేవే పెట్టాలి, ఒక్కటి కూడా తక్కువది వద్దు. ఎన్‌ఐటీ సీటు ఖాయమయ్యేదాకా ఇక్కడి సీటు వదలొద్దు. ఖాయమయ్యాక మాత్రం గడువులోగా వెబ్‌సైట్లో క్యాన్సిల్ చేయండి. కట్టిన డబ్బు తిరిగి వస్తుంది, వెనక వరుసలో ఉన్న ఇంకో పిల్లకు ఉస్మానియా సీటూ దక్కుతుంది.

డిగ్రీ పిల్లల సంగతి క్లుప్తంగా. ఇక్కడ దోస్త్ (మన రాష్ట్ర డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు), అక్కడ సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష). ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల ఫీజు చవకే, కానీ హాస్టల్ దొరకడం కష్టం, నార్త్ క్యాంపస్ చుట్టూ పీజీ అద్దె ఫీజును మించిపోతుంది. ఢిల్లీ గురించి ఆలోచించేముందు గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని (1974) చూడండి. అదే సీయూఈటీ స్కోరుతో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ చదవొచ్చు. దేశం నలుమూలల నుంచి పిల్లలు అక్కడికి వస్తుంటే, లింగంపల్లి బస్సులో రోజూ దాని గేటు దాటి వెళ్ళే పిల్లలకు ఆ సంగతే తెలియకపోవడం మాకు బాధ కలిగిస్తుంది.

బయటి రాష్ట్రం ఎన్‌ఐటీకి బయలుదేరేవాళ్ళు ఒరిజినల్స్‌తో పాటు ప్రతిదీ నాలుగు జిరాక్సులు, ఎనిమిది ఫొటోలు, టీసీ, ఆ ఏడాది తీసుకున్న కుటుంబ ఆదాయ సర్టిఫికెట్ ఒకే ఫైల్లో పెట్టుకోవాలి. ఆదాయ సర్టిఫికెట్ ఇంగ్లిష్‌లో ఉండాలి, అమ్మానాన్నలిద్దరి ఆదాయం కలిపి రాయించాలి. ట్యూషన్ మాఫీకి దరఖాస్తు తీసుకునేది జోసా కాదు, ఆ సంస్థ అకడమిక్ సెక్షన్. రిపోర్టింగ్ రోజే అడిగి ఫారం తీసుకోండి. ఆలస్యమైతే మొదటి సెమిస్టర్ 62,500 పూర్తిగా కట్టి, తర్వాత సర్దుబాటు కోసం తిరగాల్సి వస్తుంది.